వాట్సాప్‌లో చీరలు అమ్మేవాళ్లు వెబ్‌సైట్ పెట్టుకోవాలంటే: ఆ 65,000 చేతిలో పెట్టే ముందు ఇది చదవండి

మీరు రాసిందాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. మంగళగిరిలో మీ అత్తగారింట్లో సొంత మగ్గాలున్నాయి, చాలకపోతే చుట్టుపక్కల నేసేవాళ్ల దగ్గర కూడా తీసుకుంటారు, వాట్సాప్ గ్రూపుల్లో, ఇన్‌స్టాలో నెలకు నలభై యాభై చీరలు పోతున్నాయి. రాత్రి పదకొండింటికి కూడా "ప్రైస్ ప్లీజ్" అని వచ్చే మెసేజ్‌లకు జవాబులు ఇచ్చీ ఇచ్చీ విసిగిపోయారు. ఇప్పుడొకతను వెబ్‌సైట్‌తో పాటు యాప్ కూడా చేసిస్తానని 65,000 అడుగుతున్నాడు. పెట్టాలా వద్దా, పెడితే ఎలా అని అడిగారు.

పెట్టండి. యాప్ మాత్రం వద్దు. ఏడాదికి రెండు మూడు చీరలు కొనే మనిషి మీకోసం ఫోన్‌లో ఇంకో యాప్ ఎక్కించుకోదు, ఎక్కించుకున్నా వారంలో తీసేస్తుంది. ఆ డబ్బు ఫొటోల మీద పెట్టండి, నాలుగింతలు ఉపయోగం. నేను విజయవాడలో చిన్న షాపులకు సైట్లు చేసిపెడుతుంటాను, బట్టలవాళ్లు, పచ్చళ్లవాళ్లు, ఇత్తడి సామాను వాళ్లు అందరూ మొదట అడిగేది హోమ్ పేజీలో బొమ్మలు కదలాలి అనే. కొనేవాళ్లు మాత్రం సగం మంది హోమ్ పేజీ మొహమే చూడరు, ఎవరో వాట్సాప్‌లో పంపిన లింకు నొక్కి నేరుగా ఒక చీర పేజీలో దిగుతారు, అక్కడ తెలియాల్సింది తెలిస్తే కొంటారు, లేకపోతే వెనక్కి పోతారు.

అందుకని డెవలపర్‌తో కూర్చునే ముందు మీ వాట్సాప్ తెరవండి. గత రెండు మూడు నెలల చాట్లు చూసి, జనం ఏం అడిగారో వాళ్ల మాటల్లోనే ఒక నోట్‌బుక్‌లో రాయండి. నేను పందెం కడతా, ఇవే ఉంటాయి: రంగు ఫొటోలో ఉన్నట్టే ఉంటుందా, బ్లౌజ్ ఉందా, జరీ నల్లబడుతుందా, ఇది నిజంగా చేనేతేనా మరమగ్గమా, ఉతికితే రంగు పోతుందా, బెంగళూరుకి ఎన్ని రోజులు, సీఓడీ (పార్సిల్ అందాక డబ్బు) ఉందా, నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారా. ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్న పైన, తక్కువసార్లు వచ్చింది కింద రాయండి. మీ సైట్ ప్లాన్ అదే. ఆ ప్రశ్నలన్నిటికీ మీరు నిద్రపోతున్నప్పుడు కూడా జవాబు చెప్పగలిగితే సైట్ పనిచేస్తున్నట్టు, చెప్పలేకపోతే అది ఎంత అందంగా ఉన్నా విజిటింగ్ కార్డు లాంటిదే.

ఇక చీర పేజీ. మీ శ్రమలో ముప్పాతిక వంతు ఇక్కడే పెట్టండి.

ఒక్కో చీరకు కనీసం ఐదు ఫొటోలు కావాలి: మొత్తం చీర, కొంగు విప్పి, అంచు దగ్గర నుంచి, బ్లౌజ్ ముక్క, కట్టుకున్నది లేదా బొమ్మకు వేసింది. మంగళగిరి చీరకు పేరు తెచ్చిన నిజాం జరీ అంచు ఎంత వెడల్పుందో మాటల్లో చెప్పినా తెలియదు, అంచు పక్కన చెయ్యి పెట్టి తీస్తే చూడగానే తెలిసిపోతుంది. ఉదయం తొమ్మిది, పది మధ్య కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట, ట్యూబ్‌లైట్ ఆర్పేసి తీయండి. ఫ్లాష్ వద్దు, ఫిల్టర్ అసలే వద్దు. ఫోన్ కెమెరా ఎరుపునీ, రాణీ రంగునీ తనకు నచ్చినట్టు మార్చేస్తుంది, కాబట్టి తీశాక చీరని ఫోన్ పక్కన పెట్టి చూడండి, తేడా ఉంటే మళ్లీ తీయండి, అప్పటికీ కుదరకపోతే "ఫొటోలో కన్నా ఒక వన్నె ముదురుగా ఉంటుంది" అని ఆ ఫొటో కిందే రాసేయండి. ఇలా ముందే చెప్పేసినచోట రంగు గొడవతో వెనక్కి వచ్చే చీరలు బాగా తగ్గుతాయి. అన్నట్టు ఒరిజినల్ ఫొటోలు వాట్సాప్‌లో పంపి డెవలపర్‌కి ఇవ్వకండి, అది నొక్కేసి పంపుతుంది, అంచులో జరీ అలికేసినట్టయిపోతుంది. డ్రైవ్‌లో పెట్టి లింకివ్వండి. సైట్‌లోకి ఎక్కించేటప్పుడు మాత్రం అతను వాటిని వెబ్‌పీ (తక్కువ సైజు ఫొటో ఫార్మాట్) చేసి ఒక్కోటి 150, 200 కేబీ దగ్గరకు తేవాలి, లేకపోతే సిగ్నల్ సరిగ్గా లేనిచోట పేజీ తెరుచుకోదు.

రాతలో "ఎలిగెంట్, ట్రెడిషనల్, పర్ఫెక్ట్ ఫర్ ఎవ్రీ అకేషన్" లాంటివి ఎవరైనా రాస్తారు, మీరు నేసే ఇంటివాళ్లు కాబట్టి వేరేవాళ్లు రాయలేనివి రాయండి. పడుగు ఏంటి, పేక ఏంటి, ఎన్నో నంబరు నూలు (దారం ఎంత సన్నమో చెప్పే అంకె), జరీ టెస్టెడ్ రకమా హాఫ్ ఫైన్ రకమా, చీర పొడవు ఎంత, బ్లౌజ్ అందులోనే కలిసి ఉందా విడిగానా. "మంగళగిరి పట్టు" అని ఒక్క మాట రాసి వదిలేస్తే కొన్నవాళ్లు మొత్తం పట్టనుకుంటారు, తీరా వచ్చింది పట్టు బై కాటన్ (పట్టు, నూలు కలిపి నేసింది) అయితే తప్పు మీదే అవుతుంది. నా చేతిలో పనైతే ప్రతి చీరకూ ఇలా రాయిస్తాను: "వంగపండు రంగు మంగళగిరి కాటన్ చీర, నిజాం అంచు. పడుగు, పేక రెండూ 80వ నంబరు నూలు. అంచులో, కొంగులో టెస్టెడ్ జరీ. చీర 5.5 మీటర్లు, దానితోనే కలిసి 80 సెంటీమీటర్ల బ్లౌజ్. గుంత మగ్గం మీద నేసింది, అక్కడక్కడ దారం ముడి కనబడొచ్చు. మొదటి రెండు ఉతుకులు విడిగా, చల్లటి నీళ్లలో." ఇంతే, ఇంతకన్నా సాహిత్యం అక్కర్లేదు. నెమలికంఠం, కనకాంబరం, చిలకపచ్చ అని మన రంగుల పేర్లు వాడండి, పక్కన ఇంగ్లిష్ పేరు కూడా పెట్టండి, ఎందుకో గూగుల్ దగ్గర చెబుతాను.

చేనేతేనా అనే అనుమానానికి మాత్రం మాటలు చాలవు. మీ మగ్గం మీద ఆ రంగు చీరే నేస్తుండగా ఇరవై సెకన్ల వీడియో, శబ్దంతో సహా, పెట్టండి. హ్యాండ్‌లూమ్ మార్క్ (చేనేతేనని ప్రభుత్వం ఇచ్చే గుర్తు) తీసుకుని ఉంటే ఆ లేబుల్ ఫొటో కూడా. బయట నుంచి తెచ్చినవి ఉంటే వాటి పేజీలో మీ మగ్గం వీడియో పెట్టకండి, పక్క వీధివాళ్ల దగ్గర తీసుకున్నామని రాస్తే ఎవరూ తక్కువగా చూడరు.

ఇప్పుడు డెవలపర్లు సాధారణంగా పట్టించుకోని విషయం ఒకటి. మీది ఒక్కో రంగుకి ఒక్కటే పీసు ఉండే సరుకు. సైట్‌లో ఒకరు డబ్బు కడుతుండగానే వాట్సాప్‌లో మీ ఆడపడుచు అదే చీర ఇంకొకరికి ఇచ్చేసిందనుకోండి, అక్కడ మొదలవుతుంది టెన్షన్. దీనికి మందు సాఫ్ట్‌వేర్‌లో సగమే ఉంది, మిగతా సగం ఇంట్లో పెట్టుకోవాల్సిన అలవాటు: సైట్ పెట్టిన రోజు నుంచి ఏ చీరైనా సైట్ ద్వారానే పోవాలి. వాట్సాప్‌లో అడిగినా లింకే పంపండి, "ఇందులో కట్టేయండి అక్కా, నేను రేపు పంపించేస్తాను" అనండి. పెద్దవాళ్లెవరైనా నాకవన్నీ రావమ్మా అంటే ఆవిడ తరఫున మీరే ఆర్డర్ వేయండి. ప్రతి చీరకూ ఒక నంబరు ఇచ్చి, ఆ చీటీ చీర మడతలో పెట్టి, అదే నంబరు సైట్‌లో ఉండేలా చూసుకోండి. కార్ట్‌లో వేసినంత మాత్రాన చీర ఆగదు, డబ్బు అందాకే మీది అని ఆ పేజీలోనే రాయించండి. వూకామర్స్ (వర్డ్‌ప్రెస్ సైట్‌లో షాపు నడిపే సాఫ్ట్‌వేర్) వాడితే డబ్బు కట్టని ఆర్డర్ కోసం సరుకు ఎన్ని నిమిషాలు పట్టి ఉంచాలో ఒక సెట్టింగ్ ఉంటుంది, మామూలుగా 60 ఉంటుంది, మీకు 15 చాలు. అమ్ముడైపోయిన చీర పేజీని తీసేయకండి. "అయిపోయింది, ఇలాంటివి ఇవి" అని కింద నాలుగు చూపించండి, పాత లింకు పట్టుకుని వచ్చినవాళ్లు ఖాళీగా పోరు.

డబ్బు సంగతికి వస్తే, రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ, పేయూ లాంటి గేట్‌వేల్లో (సైట్‌లో డబ్బు కట్టించుకుని మీ ఖాతాలో వేసేవాళ్లు) ఏదైనా ఒకటే. కార్డుల మీద సుమారు 2 శాతం, దానిమీద 18 శాతం జీఎస్టీ పోతుంది, అంటే 1,500 చీరకు 35 రూపాయల చిల్లర. యూపీఐకి ఎంత తీసుకుంటున్నారో విడిగా అడగండి, మీ కస్టమర్లలో ఎక్కువ మంది అదే వాడతారు. ఇంకో లాభం, దొంగ పేమెంట్ స్క్రీన్‌షాట్ల బెడద పోతుంది, డబ్బు వస్తేనే ఆర్డర్ పడుతుంది. గేట్‌వేవాళ్లు మీ ఖాతా ఓకే చేయాలంటే సైట్‌లో రిఫండ్, షిప్పింగ్, ప్రైవసీ, నిబంధనల పేజీలు, అడ్రసు, ఫోన్ నంబరు ఉండాలి. చాలామంది వీటిని వేరే సైట్ నుంచి కాపీ కొట్టి పెడతారు, ఒకచోట చీరల షాపు రిఫండ్ పేజీలో "మొబైల్ ఛార్జర్లు" అని ఉండగా నేనే చూశాను. మీరే కూర్చుని పది వాక్యాల్లో రాయండి.

రిఫండ్ దగ్గర కాస్త ఆగండి, ఇన్‌స్టాలో అందరూ పెట్టే "నో రిటర్న్, నో ఎక్స్‌ఛేంజ్" బోర్డు సైట్‌లో పెడితే కుదరదు. 2020లో వచ్చిన ఈ-కామర్స్ వినియోగదారుల నిబంధనల ప్రకారం, సరుకు పాడైనదైనా, మీరు చూపించినట్టు లేకపోయినా వెనక్కి తీసుకోనని అమ్మేవాళ్లు అనకూడదు. ఫిర్యాదులు చూసే మనిషి పేరు, కాంటాక్ట్ పెట్టాలి, ఫిర్యాదు వచ్చిన 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి. మీ ఇంట్లో ఆ మనిషి మీరే, ఏం ఫరవాలేదు. నచ్చలేదని తిరిగి పంపడం వేరు, దానికి మీ షరతు మీ ఇష్టం, నేనైతే మూడు రోజుల్లో చెబితే, ఫాల్ కుట్టకుండా ఉంటే మార్చుకోవచ్చు, కొరియర్ ఖర్చు కొన్నవాళ్లదే అని పెట్టిస్తాను. అన్‌బాక్సింగ్ వీడియో అడగడం తప్పు కాదు, అది లేదని చిరుగున్న చీరను కూడా తీసుకోకపోవడం తప్పు. జీఎస్టీ గురించి మీ ఆడిటర్‌తో సైట్ తెరవకముందే మాట్లాడండి. వేరే రాష్ట్రానికి సరుకు అమ్మితే రిజిస్ట్రేషన్ ఉండాలన్నది మామూలు నియమం, చేనేత లాంటి హస్తకళా వస్తువులకు ఒక టర్నోవర్ దాకా మినహాయింపు ఉంది, మీ సరుకు, మీ లెక్క అందులోకి వస్తాయో లేదో ఆయన పుస్తకం చూసి చెప్పాలి.

సీఓడీ పెట్టొద్దు. నిర్మొహమాటంగా చెబుతున్నాను. తలుపు దగ్గర వద్దన్న పార్సిల్‌కి పోయే ఛార్జీ, వచ్చే ఛార్జీ రెండూ మీవే, పైగా పదిహేను రోజులు ఆ ఒక్క పీసూ రోడ్డు మీదే ఉంటుంది, ఈలోగా దాన్ని ఇంకొకరికి అమ్మలేరు. వంద పీసులున్న రెడీమేడ్ వాళ్లకది చెల్లుతుంది, మీకు చెల్లదు. మరీ అడిగితే 200 ముందు కట్టించుకుని మిగతాది డెలివరీలో తీసుకునే పద్ధతి పెట్టొచ్చు.

కొరియర్‌లో డబ్బు కారిపోయేది బరువు దగ్గర కాదు, డబ్బా దగ్గర. కొరియర్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగించి వచ్చిన కిలోలనీ, అసలు బరువునీ పోల్చి ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటాయి. అందంగా ఉంటుందని 35, 28, 8 సెంటీమీటర్ల గిఫ్ట్ బాక్స్ కొన్నారనుకోండి, లెక్క వేస్తే కిలోన్నర దాటుతుంది, లోపల చీర అరకిలో కూడా ఉండదు. అదే చీరను బట్ట సంచిలో పెట్టి, పైన తడవని కవర్ వేసి 30, 25, 3కి మడిస్తే అరకిలో స్లాబులోనే పోతుంది. డబ్బా కావాలన్నవాళ్లకు విడిగా ఛార్జీ పెట్టండి. షిప్పింగ్ ఖర్చు చివరి పేజీలో హఠాత్తుగా చూపించడం కన్నా చీర ధరలోనే కలిపేసి "ఇండియా అంతా ఉచితం" అనడం మేలు, డబ్బు కట్టే పేజీ దాకా వచ్చి ఆ 90 రూపాయలు చూసి వెనక్కి పోయేవాళ్లు చాలామంది. అలాగే అకౌంట్ తెరవమని, పాస్‌వర్డ్ పెట్టమని బలవంతం చేయకండి. పేరు, ఫోన్, పిన్‌కోడ్, అడ్రసు, గుర్తుకు దగ్గర ఏముంది, అంతే అడగండి. ఆ గుర్తు గడి ఇంగ్లిష్ థీముల్లో (రెడీమేడ్ సైట్ డిజైన్లలో) ఉండదు, చెప్పి పెట్టించండి, "రామాలయం పక్క సందు" లేకుండా మన ఊళ్లలో పార్సిల్ చేరదు.

సైట్ దేనిమీద కట్టాలి అన్నదానికి చాలామంది కొట్టుకుంటారు కానీ మీ విషయంలో తేలికే. ఇంట్లో కంప్యూటర్ తెలిసినవాళ్లు ఒకరుండి, నెలకోసారి అప్‌డేట్లు, బ్యాకప్‌లు చూసుకోగలిగితే వర్డ్‌ప్రెస్ మీద వూకామర్స్ చవక. లేకపోతే షాపిఫై లాంటిది, నెల నెలా అద్దె కడతారు, గేట్‌వే కోత కాక వాళ్ల కోత కూడా ఉంటుంది, కానీ సైట్ హ్యాక్ అయిందని అర్ధరాత్రి ఎవరికీ ఫోన్ చేయక్కర్లేదు. మీరు రాసినదాన్ని బట్టి మీకు రెండోదే నయమనిపిస్తోంది. ఇరవై ప్లగిన్లు (అదనపు పనులకు తగిలించే చిన్న సాఫ్ట్‌వేర్లు) పెట్టి డెవలపర్ వెళ్లిపోయాక అవి ఒకదానితో ఒకటి గొడవపడే వర్డ్‌ప్రెస్ సైట్లను బాగుచేయడమే నా పనిలో సగం.

ఆ 65,000 అడిగినతన్ని ముందు ఒక్క ప్రశ్న అడగండి: డొమైన్ (సైట్ పేరు) ఎవరి పేరు మీద కొంటావు? మీ పేరు, మీ ఈమెయిల్, మీ ఫోన్, మీ కార్డు, ఇంకో మాట లేదు. ఏలూరు వైపు ఒక బొటీక్ ఆవిడకు డెవలపర్ తన ఖాతాలోనే డొమైన్ కొన్నాడు, రెండేళ్ల తర్వాత నంబరు మార్చేశాడు, రెన్యువల్ మెయిల్స్ అతనికే పోయాయి, గడువు దాటి ఆ పేరు ఇంకెవరో కొనుక్కున్నారు. కవర్ల మీద, సంచుల మీద అచ్చేయించిన పేరంతా వృథా. డాట్ ఇన్ అయినా డాట్ కామ్ అయినా మామూలు పేరుకు ఏడాదికి వెయ్యి అటూ ఇటూ, మొదటి ఏడాది 99 అని ఊరించేవాళ్ల దగ్గర రెండో ఏడాది రేటు చూసి కొనండి. తెలుగు లిపిలో డాట్ భారత్ పేర్లు కూడా దొరుకుతాయి, ముచ్చటగా ఉంటుంది కానీ ఫోన్‌లో చెబితే ఎవరూ సరిగ్గా కొట్టలేరు. హోస్టింగ్ (సైట్ ఉండే సర్వర్), గేట్‌వే, గూగుల్ ఖాతాలు కూడా మీ ఈమెయిల్ మీదే తెరిచి, అతనికి పనిచేసే అనుమతి మాత్రం ఇవ్వండి. ఇవన్నీ ఒప్పుకుంటేనే డబ్బు, అదీ మూడు విడతల్లో, ఆఖరి విడత మీరు సొంతంగా ఒక చీర ఎక్కించి, ధర మార్చి, ఒక ఆర్డర్ రిఫండ్ చేసి చూశాక. యాప్ తీసేస్తే మీకు కావాల్సింది 20,000, 25,000లో అయిపోయే పని, ఫొటోలు వేరే.

సైట్‌లో తెలుగు పెట్టండి, కానీ ఒకటి చూసుకోండి. రెడీమేడ్ థీములు ఇంగ్లిష్ అక్షరాల కొలతకు చేసినవి, వరసల మధ్య చోటు తక్కువ, మన ఒత్తులు కింద తెగిపోతాయి. ముఖ్యంగా బటన్ల మీద, హెడ్డింగుల్లో. అతను పెద్ద స్క్రీన్‌లో చూపించి బాగుందంటే ఒప్పుకోకండి, మీ ఇంట్లో ఉన్న అన్నిటికన్నా పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో, వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద తెరవండి. చీర ఫొటో రెండు మూడు సెకన్లలో కనబడాలి. మీ అత్తగారికి ఫోన్ ఇచ్చి, ఏమీ చెప్పకుండా, ఒక చీర కొనమనండి. ఆవిడ ఎక్కడ ఆగి మీ వైపు చూస్తే అక్కడ సైట్‌ది తప్పు.

గూగుల్ గురించి నెలకు ఇంత ఇస్తే మొదటి పేజీలో తెస్తామనేవాళ్లు ఫోన్ చేస్తారు, మాట్లాడకుండా ఫోన్ పెట్టేయండి. మొదట్లో మీరే చేసుకోగలిగింది చాలా ఉంది. తెలుగువాళ్లు కూడా ఎక్కువగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే వెతుకుతారు, అందుకే చీర పేరులో మంగళగిరి కాటన్ శారీ, రంగు, నిజాం బోర్డర్ అన్న మాటలు ఇంగ్లిష్‌లో కూడా ఉండాలి. "మంగళగిరి చీరలు" అనే మాట మీద పెద్ద సైట్లతో పోటీ పడలేరు, "మంగళగిరి చీర మొదటిసారి ఎలా ఉతకాలి", "నిజాం అంచు అంటే ఏంటి" లాంటి వాటికి ఒక్కో పేజీ రాయండి, అక్కడ మీకే పై చెయ్యి. గూగుల్ మ్యాప్స్‌లో మీ ఇంటి కొట్టు పెట్టండి, పానకాల స్వామి గుడికి వచ్చినవాళ్లు పక్కనే చీరలెక్కడ అని ఫోన్‌లోనే వెతుకుతారు.

అమెరికా ఆర్డర్ల గురించి చివర్లో అడిగారు. మొదటి ఆరు నెలలు సైట్‌లో పెట్టకండి, వాట్సాప్‌లోనే నడపండి, అమ్మిన చీరను మాత్రం సైట్‌లో అయిపోయిందని పెట్టేయండి. విదేశాలకు అమ్మాలంటే 500 కట్టి ఐఈసీ (ఎగుమతి, దిగుమతి కోడ్) తీసుకోవాలి, గేట్‌వేలో విదేశీ కార్డులు విడిగా తెరిపించాలి, వాటికి కోత ఎక్కువ. 2025 ఆగస్టు 29 నుంచి అక్కడ 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపు కూడా తీసేశారు, కాబట్టి ఒక చీర పంపినా సుంకం పడుతుంది. అది మీరు కడతారా, వాళ్లు కట్టుకోవాలా అన్నది డబ్బు తీసుకునే ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి. అక్కడివాళ్లలో చాలామంది ఇక్కడ అమ్మా నాన్నల అడ్రసు ఇచ్చి, వచ్చేవాళ్లతో తెప్పించుకుంటారు. దానికి సైట్‌లో చేయాల్సిందల్లా "పంపే అడ్రసు వేరు" అనే గడి, ఒక చిన్న "బహుమతి, ధర చీటీ పెట్టొద్దు" టిక్కు. ఆ టిక్కు ముందే పెట్టి ఉంచొద్దని అతనికి చెప్పండి.